నడవా గోడ

“ఇక్కడింకా గరుగ్గానే ఉందండీ, సాల్మన్ గారూ,” అంది విజయదుర్గ, నడవా గోడమీద అరచెయ్యి ఆనించి.

సాల్మన్ దగ్గరికొచ్చి చూసేడు. కంటికేమీ కనబడలేదు. వేలితో రాస్తే ఇసక రేణువంత గరుకు, ఉందంటే ఉంది, లేదంటే లేదు. రంగు పడితే కప్పబడిపోతుందని నచ్చచెప్పబోయేడు. ఆవిడ విసుక్కోలేదు, గొంతూ పెంచలేదు. ఇంకొక్కసారి లప్పం పెట్టి ఉప్పుకాగితం పట్టించమంది, అంతే.

“ఆయ్,” అన్నాడు సాల్మన్, పళ్లు బిగించి.

ఆ గోడకి అది మూడోసారి.

కొత్తపేటలో ముప్ఫయ్యేళ్లుగా ఇళ్లకి రంగులేస్తున్నాడతను. ఇన్ని ఇళ్లలోనూ అతని గోడని చేత్తో తడిమి తప్పు పట్టినవాళ్లు లేరు. విజయదుర్గ లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ కొడుకు దుర్గాశ్రీనివాస్‌కి కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. తనతోపాటే పనిచేసే ప్రశాంతి అనే అమ్మాయిని చేసుకుంటున్నాడు. పెళ్లి ద్రాక్షారామంలో. పెళ్లయిన మర్నాడు కోడలు ఈ ఇంట్లో అడుగుపెడుతుంది. ఈలోగా ఇల్లు తయారవ్వాలి. పది రోజుల పనని ఒప్పుకున్నది, ఇరవయ్యో రోజు నడుస్తోంది.

పాత సున్నం పొరలు గీకడానికే అయిదు రోజులు పట్టింది. కింద అంతా నిమ్ము. ఆరకుండా లప్పం పెడితే పొక్కులొస్తాయని ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టేడు. పెట్టడం, రుద్దడం, మళ్లీ పెట్టడం. కనుబొమలదాకా తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి, సాయంత్రానికి భుజం పైకి లేచేది కాదు. సరిగ్గా అప్పుడొచ్చేది విజయదుర్గ. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి వంటింటిదాకా గోడవెంట చెయ్యి రాసుకుంటూ నడిచేది. రెండు మూడు చోట్ల ఆగేది. ఆగినచోటల్లా మర్నాటి పని.

పోనీ అన్నిటికీ అంత పట్టింపా అంటే, అదీ కాదు. స్లాబుకి వానచెమ్మ దిగి టీ మరకల్లాంటి మచ్చలు పడ్డాయి. వాటిని గీకి, ప్రైమరు రెండు చుట్లు వెయ్యాలన్నాడు. ఒక్క చుట్టు చాలు, ఆ మిగిలే రోజు కూడా నడవాకే పెట్టమంది. పడుకుంటే మొదట కంటబడేది స్లాబే కదా అని సాల్మన్‌కి ప్రాణం ఉసూరుమంది.

షేడు కార్డు తెచ్చి ముందు పెడితే తిప్పనైనా తిప్పలేదు. మీకు నచ్చింది వేసెయ్యండి అంది. రంగులు కలపడంలో మంచి పేరున్న మనిషికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

వంటింట్లోకి మళ్లేచోట గోడ అంచు గీత గీసినట్టుండేది. తాపీమేస్త్రీ ఎవడో ప్రాణం పెట్టి తీసిన అంచు. దాన్ని అరగదీసి గుండ్రంగా చెయ్యమంది. చేసేడు. గోడకున్న మేకులన్నీ పీకించి, చిల్లులు పూడ్చమంది. పూడ్చేడు.

ప్రైమరు వేసిన మర్నాడు మాత్రం అతని ఓపిక అయిపోయింది. స్విచ్చిబోర్డు పక్కన ప్రైమరు సన్నగా కారి గట్టిపడిందిట. గీకేసి మళ్లీ వెయ్యాలిట. సాల్మన్ బ్రష్షు డబ్బాలో పడేసేడు.

“ఇంకెవరినన్నా చూసుకోండి, టీచరుగారండీ. ఇది నావల్ల కాదు.”

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పేడు. భార్య అనిత ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నదే. లెక్క తప్పితే టీచరుగారు కొట్టేవారు కాదని, పక్కన కూర్చుని వచ్చేదాకా చేయించేవారని చెప్పింది.

“నా సంగతి వదిలెయ్,” అన్నాడు సాల్మన్. “ఆ వచ్చే పిల్లని తల్చుకుంటేనే జాలేస్తోంది. గోడనే ఇలా తడిమే మనిషి, కోడల్ని బతకనిస్తుందా?”

మర్నాడు పొద్దున్నే విజయదుర్గ వాళ్ల వాకిట్లోకొచ్చి నిలబడింది. అనిత కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“మిమ్మల్ని కష్టపెట్టేను, సాల్మన్ గారూ. ఆ ఒక్క గోడ పూర్తి చెయ్యండి. మీ చెయ్యి కాకపోతే కుదరదండి.”

అంత పెద్దావిడ అలా అడిగేసరికి అతను కాదనలేకపోయేడు. కారినచోట గీకేడు, నున్నగా రుద్దేడు, మళ్లీ ప్రైమరేసేడు. ఆరేక ఆవిడ గుమ్మం నుంచి వంటింటిదాకా నడిచింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. చివర్న అరచెయ్యి చూసుకుని, “సరిపోయిందండి,” అంది నెమ్మదిగా. సాల్మన్‌కి సంతోషం కలగలేదు. పీడ విరగడైందనిపించింది.

రంగు మాత్రం తనిష్టం కదా. లేత గంధం రంగు రెండు చుట్లు వేసేడు. పొద్దుటెండ పడితే నడవా అంతా వెలిగిపోయింది. ఎంత బాగుందో అని ఒక్కరన్నా అంటారేమోనని చూసేడు. ఆవిడ తలూపి ఊరుకుంది.

కోడలొచ్చే రోజు భోజనానికి రమ్మని కబురొస్తే అనితని వెంటబెట్టుకుని వెళ్లేడు. అన్నం కోసం కాదు. అత్తగారి నోట రాని మాట ఆ పిల్ల నోటైనా వస్తుందేమోనని, గేటు పక్కన నిలబడ్డాడు. కారాగింది. విజయదుర్గ హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. ముందు దుర్గాశ్రీనివాస్ దిగి, అటువైపు తలుపు తీసేడు.

ప్రశాంతి కారు దిగి, మడత పెట్టిన తెల్లకర్ర విప్పి, దాంతో నేల తడుముకుంటూ గుమ్మంవైపు అడుగేసింది.