పొరుగింటి ముద్ద

“ఆర్పెయ్!”

ఫ్రేహా అరుపుకి కూతురు ఒడేలియా చేతిలోని అగ్గిపుల్ల కిందపడింది.

“రెండు గుడ్లు ఉడకబెడతానమ్మా. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు నువ్వు.”

“మట్టిచ్చి వచ్చిన రోజు మొదటి ముద్ద మన పొయ్యి మీద ఉడికింది కాకూడదు. పొరుగువాళ్ళు తేవాలి. ఈ ఊళ్ళో ఎన్ని చావు ఇళ్ళకి నేను గుడ్లూ, మసూరుపప్పూ మోసుకెళ్ళలేదూ! తెస్తారు.”

“ఎవరు తెస్తారు? మనింటి ముందు కుక్క కూడా ఆగట్లేదు.”

ఫ్రేహా కిటికీలోంచి చూసింది. ఎదురువరసలో జొహారా ఇంటి ముందు జనం కిటకిటలాడుతున్నారు. మూతపెట్టిన గిన్నెలతో ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక్కరు ఇటు తల తిప్పితే ఒట్టు.

నిన్న సున్తీ విందు నుంచి వస్తూ ఫ్రేహా మొగుడు మక్లూఫ్ కారు వాగులోకి బోల్తా కొట్టింది. మక్లూఫ్‌తో పాటు బండిలో ఉన్న ఎలిషా, జొహారా ఒక్కగానొక్క కొడుకు, కూడా పోయాడు. ఇద్దరూ చెరోచోటికి ఎగిరిపడ్డారు. బండి మక్లూఫ్‌ది, గుప్పుమన్న అంజీర సారా వాసనా మక్లూఫ్‌దే. ఇంకేం కావాలి ఊరికి? కుర్రాడి పాడె వెనక ఊరంతా నడిచింది. మక్లూఫ్‌కి ప్రార్థన చెప్పడానికి యూదుల ఆచారం ప్రకారం కావలసిన పదిమంది మగాళ్ళు కూడడమే గగనమైంది.

ఫ్రేహా నేల మీద కూలబడింది. ఆమె బాధ ఆకలి కాదు. ఇవాళ ఒక్క గిన్నె ఈ గడప దాటకపోతే తల్లీకూతుళ్ళు ఈ ఊరికి చచ్చినవాళ్ళ కిందే లెక్క.

తలుపు చప్పుడైంది. తీసిన ఒడేలియా బెదిరి వెనక్కి తగ్గింది.

గుమ్మంలో జొహారా. దుఃఖానికి చించుకున్న రవిక మెడ దగ్గర వేలాడుతోంది. కాళ్ళకి చెప్పుల్లేవు. ఏడు రోజులూ ఇల్లు కదలకూడని తల్లి, చేతిలో గిన్నెతో నిలబడింది.

ఫ్రేహా ఆమె కాళ్ళ మీద పడింది. “తిట్టక్కా! చీపురు తీసుకుని కొట్టు! మా ఆయన నీ కడుపున చిచ్చుపెట్టాడు.”

“లే. ఇది నేను వండింది కాదు, ఊరు నాకు తెచ్చింది. ముందు తిను.”

“నీ ఇంటి ముద్ద నా గొంతు దిగుతుందా?”

“దిగాలి, ఫ్రేహా. నువ్వు తినందే నేను తినలేను.”

జొహారా గుడ్డు చిదిపి ఆమె చేతిలో పెట్టింది. ఫ్రేహా వెక్కుతూనే నమిలింది. ఒడేలియా కూడా తల్లి పక్కన కూర్చుని తింది. ఇద్దరూ మింగేదాకా జొహారా కదల్లేదు.

“నీది ఎంత పెద్ద మనసక్కా!” అంది ఫ్రేహా, ఆమె చెయ్యి కళ్ళకద్దుకుంటూ.

జొహారా చెయ్యి లాగేసుకుంది.

“నిన్న బండి నడిపింది మావాడే. తాగానని మీ ఆయనే తాళాలిచ్చి పక్కసీట్లో నిద్రపోయాడని వాడే చెప్పాడు. ‘బండి నడుపుతున్నాను, తర్వాత ఫోన్ చెయ్యమ్మా’ అని వాడు మొత్తుకుంటున్నా, కుస్‌కుస్‌కి ఏ రవ్వ తేవాలో ఫోన్లో చెబుతూనే ఉన్నాను.”