ఎదురెదురు కిటికీలు

"ఏమే ఫిలొమేనా! నా కిటికీ దాకా కట్టిన తీగ మీంచి నీ తడిబట్టల నీళ్లన్నీ నా పూలకుండీలో కారుతున్నాయే!" కిటికీలోంచి అరిచింది దియొలిందా.

"కారనీ! నువ్వెప్పుడైనా నీళ్లు పోశావా దానికి?" అంది ఎదురు కిటికీలోంచి ఫిలొమేనా.

కింద లిస్బన్ ఇరుకు సందులో టూరిస్టులు నవ్వుతూ ఫోటోలు తీసుకున్నారు. వాళ్లు మలుపు తిరగ్గానే ఇద్దరూ నోరు మూశారు.

దియొలిందా మెట్లు దిగుతుంటే హోటలు మేనేజరు ఎదురొచ్చాడు.

"బావుందమ్మా. రేపు ఇంకాస్త గట్టిగా తిట్టుకోండి."

"అలాగేనయ్యా."

హోటలు గదులు కాకముందు ఆ రెండు కిటికీలవీ వాళ్ల ఇళ్లే. ఆ కిటికీల్లోంచే ఏళ్ల తరబడి నిజంగా తిట్టుకున్నారు, నిజంగా కలిసిపోయారు.

ఇద్దరూ రైలెక్కి ఊరి చివర దిగారు. ఇప్పుడు వాళ్లుండే అక్కడి అపార్టుమెంటులోనూ వాళ్లవి ఎదురెదురు తలుపులే.

ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు.