వినపడుతోందా?

కామేశ్వరి గారి కంప్యూటర్ మూగబోయింది.

ఆవిడకు చూపు లేదు. తెర మీది అక్షరాలన్నీ కంప్యూటరే పైకి చదవాలి. అలా విని పాఠాలు తయారుచేసుకుని, బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో చరిత్ర చెబుతుంది. శబ్దం లేకపోతే ఉద్యోగమే లేదు.

ఆవిడకు మొదటినుంచీ మెకానిక్ ఇలియాస్. ఆ కంప్యూటర్లో ఉన్న లైనక్స్ సిస్టమ్ అంటే ఆ వీధిలో తన పేరే చెప్పుకోవాలని అతని పట్టుదల. వారమంతా కుస్తీ పట్టాడు. స్పీకర్లు మార్చాడు, సిస్టమ్ మళ్లీ ఎక్కించాడు. కుయ్ మనలేదు.

ఎవరో తెలిసినవాళ్లు మెసేజ్ పెట్టి పొదిలి నుంచి జోసఫ్ అనే మెకానిక్‌ని రప్పించారు. ఇలియాస్ వెనక నుంచి పలకరిస్తే అతను తిరిగైనా చూడలేదు.

ఎంత పొగరు అనుకున్నాడు ఇలియాస్.

సౌండ్ కార్డును నడపడానికి రెండు డ్రైవర్ ప్రోగ్రాములు కొట్టుకుంటున్నాయి. మొదలవుతూనే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ తప్పుదాన్ని ఎక్కించుకుంటోంది. జోసఫ్ దాన్ని రాకుండా ఆపి, సరైనదాన్ని ఎక్కించి, స్పీకర్ మీద అరచెయ్యి ఆనించాడు.

కంప్యూటర్ గట్టిగా చదవసాగింది. కామేశ్వరి గారు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది.

జోసఫ్ ఇలియాస్ వైపు తిరిగాడు.

"వినపడుతోందా తమ్ముడూ?"

ఇలియాస్‌కి ఒళ్లు మండిపోయింది. వీధి చివరిదాకా మోగుతుంటే అడగడమేమిటి, తనను దెప్పడానికి కాకపోతే! మొహం తిప్పుకున్నాడు. జోసఫ్ కాసేపు అలాగే చూసి, బస్సుకు టైమైందని లేచాడు.

ఆ రోజు నుంచి ఆవిడ నోట జోసఫ్ మాటే. ఆయన ఫోన్ ఎత్తరట, చాలా సంతోషమని మెసేజ్ పెట్టవయ్యా అని ఇలియాస్‌కే పురమాయించింది. ఆవిడది బటన్ల ఫోను మరి.

పెట్టానన్నాడు. పెట్టలేదు.

నెల తిరక్కుండా కొత్త అప్‌డేట్ వచ్చి కంప్యూటర్ మళ్లీ మూగబోయింది. ఆవిడ జోసఫ్‌ని పిలవమంది. ఈసారీ పెట్టానన్నాడు. ఈసారైనా తనే గెలవాలని తంటాలు పడ్డాడు. ఆవిడ క్లాసులు ఇంకొకరికిస్తామని సెంటర్‌వాళ్లు అన్నాకగానీ దిగిరాలేదు. అప్పుడు కూడా మెసేజ్ పెట్టడానికి మనసొప్పక ఫోన్ చేశాడు.

ఎత్తింది జోసఫ్ భార్య రూతమ్మ. ఆయన పోయిన వారమే గుండె ఆగి చనిపోయాడని చెప్పింది.

ఇలియాస్, బ్రాడీపేటలో ఆయన కామేశ్వరి గారి కంప్యూటర్ బాగుచేసిన రోజు తానూ అక్కడే ఉన్నానని చెప్పాడు.

రూతమ్మ ఆత్రంగా అడిగింది.

"అయితే నువ్వన్నా చెప్పు బాబూ, ఆ రోజు సౌండు వచ్చిందా? పత్తి జిన్నింగ్ మిల్లు మోతకి చెవులు పోయిన మనిషి, చేతికి అదురు తగిలినా అది మాటో గోలో ఎవరో ఒకరు చెబితేగానీ ఆయనకి తెలిసేది కాదు."