నల్ల దుప్పటి

“ఇక చొక్కాతో పనేముందే? ఇవాళ్టి నుంచి నీళ్లే నా చొక్కా!” అంటూ ఈత మాస్టారు బొత్తాలు విప్పసాగాడు.

వీపంతా పొలుసులు రాలే సోరియాసిస్ లేచిందని ఈతకొలను వాళ్లు ఆయన్ని పనిలోంచి ఆపేశారు. అంటురోగం కాదని మొత్తుకున్నా వినలేదు. తగ్గితే రమ్మన్నారు. ఇవాళే ఆఖరి గడువు.

“డాక్టరుగారికి ఒకసారి చూపించి వెళ్లండి,” అంది భార్య.

“పక్కమీది నల్ల దుప్పటే నా డాక్టరు! వీపు నాకు కనబడదు, దుప్పటి కనబడుతుంది. నెల్లాళ్లుగా దానిమీద ఒక్క పొలుసుంటే ఒట్టు. అందుకేగా నువ్వు వీపుకి మందు రాస్తానన్నా వద్దన్నాను? దురదంటావా, మానేటప్పుడు ఆమాత్రం ఉంటుంది. అయినా పొలుసులున్నాయని చేపని చెరువు గెంటేసిందా? నన్ను గెంటారు గానీ!”

ఆమె నవ్వలేదు.

“రోజూ మీరు లేచి అటు వెళ్లగానే దులిపేస్తున్నానండీ.”

ఆయన వేళ్లు బొత్తం మీదే ఆగిపోయాయి. “ఎందుకే?”

“మొదటిరోజు ఊరికే దులిపాను. శుభ్రంగా ఉన్న దుప్పటి చూసి మీరు జోకేశారు, ఎన్నాళ్లకో. మళ్లీ ఆ మనిషిని పోగొట్టుకోలేకపోయాను.”

“వీపు ఇప్పుడెలా ఉంది?”

“అప్పటికంటే ఎక్కువైంది.”

మాస్టారు మంచం మీద కూలబడ్డాడు. చొక్కా పూర్తిగా విప్పి, ఆమెవైపు వీపు తిప్పాడు.

“కొలను వాళ్లకి ఫోన్ చేసి, వేరే మాస్టారుని చూసుకోమను. తర్వాత మందు రాయి. రేపట్నుంచి మాత్రం దులపకు.”

“మరి జోకులు?” అందామె కళ్లు తుడుచుకుంటూ.

“అవీ రాలతాయిలే.”

ఆ జోకుకి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.