ఒక గడిల ఆరుగురు

"ఒక్క గడిల ఆరు పేర్లేంది దీపా?" కొత్త ఎస్సై సారు నా కుర్చీ ఎనుక నిలబడ్డడు.

తెలంగాణ కోసం జనగామ కాడ రైలు పట్టాల మీద కూసున్నోళ్ల కేసుల లిస్టు అది. మా ఠాణాల కంప్యూటర్ల టైపు చేసింది నేనే. తండా పిల్లల పేర్లు కామాలు పెట్టుకుంట ఒకే గడిల నింపిన.

"గడి అంత కలిస్తెనే ఈ కంప్యూటర్ చూపిస్తది. గిట్లుంటే పేరు కొట్టి ఎతికితే ఒక్కడు దొరకడు. ఒక గడికి ఒకటే పేరు, ఒక్కొక్కనికి ఒక్కో వరస. కంప్యూటర్ కోర్సుల చెప్పలేదా?"

"తెల్వక చేసిన సార్."

"విడదియ్యి. నేను ఈడనే ఉంట."

కుర్చీ గుంజుకొని దారికి అడ్డం కూసున్నడు. ఒక్కొక్క పేరు తీసి కింద వరసల పెట్టిన. నా వేళ్లు ఆగితే చాలు, సారు నా మొఖం దిక్కు చూస్తుండు. ఐదు అయినయి. ఆరోది హరిలాల్. అది గూడ పెట్టిన.

సారు జేబుల నుంచి ఒక కాయిదం తీసిండు. సర్కారు నౌకరీకి ఎంపికైన పిలగాని మీద కేసులున్నయా అని పైనుంచి అడిగిన్రట. అండ్ల ఉన్న పేరు కొట్టిండు. హరిలాల్ కేసు తెర మీదికి వచ్చింది.

"ఎంత సులువైంది చూసినవా? గిప్పుడన్న నేర్చుకో."

కోర్సుల ఆ పాఠం అందరికంటె ముందు నాకే అర్థమైంది. అందుకే రెండేండ్ల కింద మా తమ్ముణ్ణి ఆ ఐదుగురి నడుమ దాచిన.