ఎక్కడా పడట్లేదు

పడవలో ఫర్హాత్ వాలకం చూసి నౌఫెల్‌కి నవ్వాగలేదు.

నెత్తిన చిన్నపిల్లల టోపీ. దాని అంచు నుంచి ముఖం ముందుకు వేలాడే ప్లాస్టిక్ రేకు. మెడకు రెండు వరసల గుడ్డ. చేతులకు తొడుగులు, అవీ సగం వేళ్లకే పట్టాయి. టోపీ మీద ఎర్రదారంతో కుట్టిన చేప ఒకటి! కెర్కెనా దీవి దగ్గర నలభై ఏళ్లుగా ఎండలో మాడుతూ చేపలు పట్టిన మనిషికి ఇదేం వేషం?

“ఏం బాబాయ్, పెళ్లికూతురిలా ముసుగేశావ్? నల్లబడితే పిన్ని ఇంట్లోకి రానివ్వదా?”

ఫర్హాత్ తొడుగు సర్దుకున్నాడు. పడవ నడుపుతున్న ముసలి బూబకర్ మాత్రం గెడకర్రతో నౌఫెల్ మోకాలి మీద ఒక్కటి పొడిచాడు.

“నోర్ముయ్ అల్లుడూ!”

నౌఫెల్ ఆ దీవికి అల్లుడే. స్ఫాక్స్ పట్నంలో ఫ్యాక్టరీ మూతపడితే భార్యాబిడ్డల్ని దీవి అవతలి కొసన ఉన్న అత్తారింట దింపి, పని వెతుక్కుంటూ ఇటొచ్చాడు. ఆ రోజే పనిలో చేరాడు. పడక బూబకర్ ఇంట్లోనే. గెడ పట్టడం ఇంకా చేతకాదు కాబట్టి నీళ్లలోకి దిగే పని అతనికిచ్చారు. లోతు లేని ఆ సముద్రంలో ఈతమట్టలు పాతి దడి కడతారు. దడి వెంబడే వచ్చిన చేపలు చివరనున్న బుట్టలో పడతాయి. ఆ బుట్టను అడుగున విప్పి పైకి అందించాలి.

సూర్యుడు నడినెత్తికి రాగానే ఫర్హాత్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి మెల్లగా ఒక చుట్టు తిరిగాడు.

“చూడు బూబకర్, ఎక్కడైనా ఎండ పడుతోందా?”

ముసలాయన ఒక్క చూపు చూశాడు. “ఎక్కడా పడట్లేదు. రొట్టె తిను.”

అప్పుడు గానీ ఫర్హాత్ టోపీ తియ్యలేదు, రొట్టె ముట్టలేదు.

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అంతే. నౌఫెల్ ఉండబట్టలేక, ఫర్హాత్ అటు తిరిగి తాళ్లు సర్దుతుండగా ముసలాయన చెవి దగ్గర చేరాడు.

“ఏంటి తాతా ఈ గోల?”

బూబకర్ గొంతు తగ్గించాడు. “వాళ్లమ్మాయి ఉల్ఫా. తొమ్మిదేళ్ల పిల్ల. ఎండ సోకకూడని ఒళ్లు, పుట్టుకతోనే. వెలుగు తగిలితే కాలడం, కాలిన చోట పుండు లేవడం. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పెంచారు. దానిది ఒకటే పోరు, పగటిపూట సముద్రం చూపించు నాన్నా అని. ఆ టోపీ దానిదే, వాళ్లమ్మ కుట్టింది. అందుకే వీడు...”

ఫర్హాత్ ఇటు తిరిగాడు. ముసలాయన మాట మింగేశాడు. ఫర్హాత్ మళ్లీ తాళ్ల మీదకి వంగాక గొణిగాడు.

“నిన్నడిగినా ఎక్కడా పడట్లేదనే చెప్పు. తెలిసిందా?”

నౌఫెల్ సిగ్గుతో చితికిపోయాడు. ఛీ, నా నోరు పడిపోను! కూతుర్ని తీసుకొచ్చే ముందు ఆ టోపీ, ఆ తొడుగులు తనమీద వేసుకుని పరీక్షించుకుంటున్నాడన్నమాట. అలాంటి మనిషినా తను ఎగతాళి చేసింది? తన కూతురు రీమ్‌కి కూడా తొమ్మిదేళ్లే. పైగా ఈ ముసలాయనొకడు. కంట్లో పొరలు పెట్టుకుని, ఒక్క చూపు చూసి ఎక్కడా పడట్లేదంటాడు! రేపు ఆ పిల్లకేమైనా అయితే?

అప్పట్నుంచి నౌఫెల్ పోలీసులా కాపు కాశాడు. మెడ వెనక చూశాడు. తొడుగుల కుట్లు చూశాడు. చొక్కా గుండీల సందులు కూడా వదల్లేదు. రెండు రోజులు చూసినా ఏమీ దొరకలేదు.

మూడోనాడు ఛాతీ లోతు నీళ్లలో, పడవ పక్కనే నిలబడి బుట్ట ముడి విప్పుతున్నాడు. బుట్ట అందుకోవడానికి ఫర్హాత్ పడవ అంచు మీంచి బాగా వంగాడు. నౌఫెల్ తలెత్తి చూశాడు.

ప్లాస్టిక్ రేకు కింద, గుడ్డకు పైన, ఫర్హాత్ గడ్డం అడుగున వెలుగు గీతలు ఆడుతున్నాయి.

అడుగున తెల్లటి ఇసుక. దాని మీద పడ్డ ఎండ నీళ్లలోంచి తిరిగి పైకి కొడుతోంది. అందరూ ఆకాశం వైపే కాపలా కాశారు, సముద్రం సంగతి ఎవరికీ తట్టలేదు. పడవలో ఉన్నవాడికి అది కనిపించనే కనిపించదు, నీళ్లలో నిలబడి పైకి చూడాల్సిందే.

“దొరికింది బాబాయ్!” కేకేశాడు నౌఫెల్.

“ఒరేయ్, ఆగరా!” అన్నాడు బూబకర్. వినిపించుకుంటేగా!

“నీ గడ్డం కింద బాబాయ్! పైనుంచి కాదు, నీళ్లలోంచి కొడుతోంది. అక్కడో గుడ్డ కుట్టించు, చాలు. పాపని నిక్షేపంగా తీసుకురావచ్చు. మా రీమ్‌ని తోడు తెస్తా, ఇద్దరూ ఆడుకుంటారు.”

ఫర్హాత్ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

“వంగితేనేనా?”

“వంగితేనే. నిటారుగా ఉంటే అస్సలు పడదు.”

బూబకర్ గెడకర్ర వదిలేసి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఫర్హాత్ తొడుగు లాగేసి, గడ్డం కింద వేళ్లతో తడుముకున్నాడు.

“తీసుకొచ్చిన ఆ ఒక్కరోజూ పొద్దస్తమానం ఇలాగే వంగి చేపల్నే చూసింది నాయనా, పుండు లేచిందీ ఇక్కడే, పిల్లని మట్టిలో పెట్టి రేపటికి ఏడాది.”