కదలని లీవరు

అక్టోబరు తొమ్మిది ఉదయం ఎనిమిదింపావుకి వసుంధర భర్త ఐర్లండ్‌లోని డండాక్ దగ్గరి బీచిలో సముద్రం పోటెక్కి, జీపులోనే మునిగి చనిపోయాడు. కావాలనే నీళ్లలోకి నడిపాడేమోనని గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆమెను రెండుసార్లు అడిగారు. ఇంట్లో గొడవలున్నాయా అని కూడా అడిగారు.

ఫిబ్రవరిలో వాళ్లు జీపు తిరిగిచ్చేశాక, అమ్మేద్దామని ఆమె శశికాంత్ గ్యారేజీకి తెచ్చింది. బండి ఫోర్ వీల్ డ్రైవ్‌లో బిగుసుకుపోయింది. దాన్ని విడిపించే లీవరు శశికాంత్ రెండు గంటలు కుస్తీ పట్టినా కదల్లేదు.

"నీకన్నా అదే మొండిగా ఉందయ్యా. సుత్తితో ఒక్కటివ్వు" అంది వసుంధర.

"బయటికి తీసినవాళ్లు దీన్ని ముట్టుకున్నారా ఆంటీ?"

"లేదు. అద్దం పగలగొట్టి ఆయన్ని తీశారు. బండిని క్రేన్‌తో ఎత్తారు."

శశికాంత్ సుత్తి పక్కన పెట్టాడు. "ఇది పొరపాటున పడేది కాదు. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి, గట్టిగా లాగితేనే పడుతుంది. చక్రాలు ఇసుకలో దిగబడితే వేస్తారు. గేరు చూడండి, రివర్స్‌లో ఉంది."

"బండి ముక్కు సముద్రం వైపే ఉందన్నారు" అంది ఆమె.

"అంటే అంకుల్ వెనక్కి రావాలని చూశారు."

వసుంధర వంగి గేరు వైపు చూసింది.

"ఎంతసేపు చూసుంటారు?"

"అది బండి చెప్పదు ఆంటీ."

"అయితే లీవరు కదపకు."

ఆమె అక్కణ్నుంచే గార్డులకు ఫోన్ చేసింది. వాళ్లు సోమవారం తొమ్మిదికి జీపు చూడటానికి వస్తారు. ఆయన ఎలా చనిపోయాడో తేల్చే మరణ విచారణ మంగళవారం పదిన్నరకు.